రెండో పని డబ్బు, బిడ్డ మనోవర్తి: చెప్పాలా, ఎప్పుడు చెప్పాలి, ఏ దారిలో చెప్పాలి?

మా పాప రెండు వారాలకోసారి ఆదివారం నా దగ్గరికి వస్తుంది. 2023 చివర్లో అలా వచ్చిన ఒక రోజు, మంచం కింద ఉన్న గుడ్డ సంచులను బయటికి లాగి చూసింది. ఒక్కో సంచి మీద ఒక్కో దుకాణం పేరు స్కెచ్ పెన్నుతో రాసి ఉంటుంది. లోపల ఆ నెల కొనుగోలు బిల్లులు. "నాన్నా, ఇవన్నీ ఏమిటి?" అని అడిగింది. "ఆఫీసువి తల్లీ" అన్నాను.

అవి ఆఫీసువి కావు. పగలు ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటెంటుగా పనిచేస్తాను. సాయంత్రం ఏడు నుంచి పది దాకా మా పేటలోని కిరాణా, హార్డ్‌వేర్, మందుల దుకాణాలకు జీఎస్టీ లెక్కలు రాయడం మొదలుపెట్టి అప్పటికి ఐదు నెలలు. ఆ డబ్బు సంగతి పాప వాళ్ల అమ్మకు చెప్పలేదు. తొమ్మిదేళ్ల పిల్ల ఇంటికి వెళ్లి సంచుల సంగతి చెబుతుందేమో అని ఆ రాత్రి నిద్రపట్టలేదు. కోర్టు భయం ఒక పక్క, నా అబద్ధాన్ని పిల్ల చేత మోయిస్తున్నానే అన్న బాధ ఇంకో పక్క.

ఆ తర్వాత కొన్ని నెలలు ఇదే పనిగా ప్లీడరుగారిని అడిగాను, తీర్పులు చదివాను, నా కాగితాలు నేనే తిరగేశాను. బిడ్డకు మనోవర్తి చెల్లిస్తూ రెండో పని పట్టుకున్న తండ్రి ముందు (కొన్నిచోట్ల తల్లి ముందు కూడా) ఉన్న దారులు ఇవి, ఒక్కోదానిలో ఉన్న లాభనష్టాలు ఇవి. నా మొగ్గు ఎటో మొదటే చెబుతాను: డబ్బు మన చేతికి వచ్చిన మొదటి ఆరు నెలల్లోనే, ఖర్చులు తీసేసిన నికర లెక్కతో, రాతలో చెప్పడం. మిగతా దారులన్నిటికంటే ఇదే చవక, ఇదే ప్రశాంతం.

ముందు మీ కేసు ఏ దశలో ఉంది?

సలహా అడిగిన వెంటనే మా ప్లీడరుగారు తిరిగి అడిగిన మొదటి ప్రశ్న ఇదే. "మీ కేసు నడుస్తోందా, ముగిసిందా, రాజీ అయిందా?" జవాబును బట్టి నియమం మారిపోతుంది.

కేసు ఇంకా నడుస్తూ ఉంటే, అంటే మధ్యంతర మనోవర్తి ఇస్తూ తుది ఉత్తర్వు కోసం వాయిదాలకు తిరుగుతూ ఉంటే, మీకు ఎంపిక దాదాపు లేనట్టే. 2020 నవంబరు 4న రజనేశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, మనోవర్తి కేసుల్లో భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయాల వివరాలతో అఫిడవిట్ వేయాలి. ఆ ధర్మాసనంలో జస్టిస్ ఇందూ మల్హోత్రా, తెలంగాణకు చెందిన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి ఉన్నారు. అఫిడవిట్ నమూనాను తీర్పుకే జతచేశారు; వ్యవసాయేతర ఆదాయాలవారికి ఒకటి, వ్యవసాయ ఆదాయం మీద బతికేవారికి ఇంకొకటి. జీతం ఒక్కటే కాదు, ఇతర మార్గాల్లో వచ్చే ప్రతి ఆదాయమూ అందులో రాయాలి. అఫిడవిట్ వేశాక ఆర్థిక స్థితి మారితే సవరించిన లేదా అదనపు అఫిడవిట్ వేసుకోవచ్చని కూడా తీర్పు చెప్పింది. అబద్ధం రాసినట్టు తేలితే క్రిమినల్ విచారణకు, కోర్టు ధిక్కారానికి దారితీస్తుందని హెచ్చరించింది. ఆ కేసు కథ కూడా గుర్తుంచుకోదగ్గది: భార్య మనోవర్తి కోసం పిటిషన్ వేసింది 2013లో, మధ్యంతర మనోవర్తి తగాదా సుప్రీంకోర్టులో తేలింది 2020లో. కొడుకు పసివాడుగా ఉన్నప్పుడు మొదలైన తగాదా వాడు బడికి వెళ్లే వయసు దాకా నడిచింది.

2023 నవంబరులో ఒక మైనరు బాలిక మనోవర్తికి సంబంధించిన కేసులో, ఈ అఫిడవిట్ల నియమాన్ని కింది కోర్టులు సరిగా పాటించడం లేదని సుప్రీంకోర్టే ఆక్షేపించింది. కాబట్టి "మా కోర్టులో ఎవరూ అడగలేదు" అన్న మాటను నమ్ముకుని కూర్చోవద్దు. ఎప్పుడైనా అడుగుతారు.

తుది ఉత్తర్వు వచ్చేసి ఉంటే సంగతి వేరు. అదే నా పరిస్థితి. 2021లో పాపకు నెలకు 8,000 రూపాయలు ఇవ్వాలని ఉత్తర్వు అయింది. తుది ఉత్తర్వు తర్వాత జీతం పెరిగిన ప్రతిసారీ మనంతట మనమే కోర్టుకు తెలియజేయాలన్న నియమం చట్టంలో విడిగా లేదు. కానీ పరిస్థితులు మారాయని చూపి మొత్తాన్ని పెంచమనో, తగ్గించమనో అడిగే హక్కు రెండు వైపులా ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 127వ సెక్షను. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 146వ సెక్షను. మనోవర్తికి మూలమైన 125వ సెక్షను ఇప్పుడు 144 అయింది. కోర్టు వరండాలో మాత్రం ఇప్పటికీ అందరూ "125 కేసు" అనే అంటారు.

మూడోది, రాజీ లేదా పరస్పర అంగీకార విడాకులు. ఇక్కడ మీ ఒప్పందం కాగితమే మీకు నియమం. "ఆదాయం పెరిగితే తెలియజేయాలి" అన్న వాక్యం అందులో ఉందేమో తీసి చదవండి. చాలామంది సంతకం పెట్టిన రోజు తర్వాత ఆ కాగితం మళ్లీ ముట్టుకోరు. ఆ వాక్యం ఉంటే చెప్పకపోవడం ఒప్పందాన్ని ఉల్లంఘించడమే. ఒకవేళ "ఇకమీదట ఏమీ అడగను" అని తల్లి రాసిచ్చినా అది బిడ్డ హక్కును కట్టిపడేయదు. మనోవర్తి బిడ్డది. తల్లి దాన్ని వదులుకోలేదు, తండ్రి దాన్ని కొనుక్కోలేడు.

దాచడం

ఈ దారిని వెంటనే కొట్టిపారేయకుండా చూడాలి, ఎందుకంటే మనలో ఎక్కువమంది మొదట వెళ్లేది ఇటే. నేనూ నెలల తరబడి ఇటే నడిచాను. "నగదుగా తీసుకుంటే ఎవరికి తెలుస్తుంది?" అన్న ధైర్యం.

లెక్కలు రాసేవాడిగా చెబుతున్నాను, తెలుస్తుంది. నా దుకాణదారుల్లో నగదు ఇచ్చేది ఇద్దరే. మిగతావాళ్లు ఫోన్‌పేలో పంపుతారు, బ్యాంకు స్టేట్‌మెంటులో నెలనెలా అదే తేదీకి, అదే పేరుతో కనిపిస్తుంది. ఎవరైనా టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోసి చెల్లిస్తే అది ఆదాయపు పన్ను పోర్టల్‌లోని వార్షిక సమాచార ప్రకటనలో, అంటే ఏఐఎస్‌లో పడుతుంది. బ్యాంకు వడ్డీ కూడా అక్కడే పడుతుంది. ఇద్దరు యజమానుల దగ్గర ఉద్యోగం చేస్తూ రెండుచోట్లా పీఎఫ్ కట్టేవారికైతే ఒకే యూఏఎన్ (సభ్యుడికి ఇచ్చే శాశ్వత పీఎఫ్ నంబరు) కింద రెండు సంస్థలూ కనబడతాయి. 2022లో ఒక పెద్ద ఐటీ సంస్థ పోటీ సంస్థలకు పనిచేస్తున్నారంటూ 300 మందిని తొలగించిన వార్త చదివే ఉంటారు. యజమానికి తెలిసేది కోర్టుకు తెలియదని అనుకోవడానికి లేదు. అవతలి ప్లీడరు బ్యాంకు స్టేట్‌మెంట్లు, పన్ను రిటర్నులు తెప్పించమని అడిగితే కోర్టు తెప్పిస్తుంది.

తెలిసినప్పుడు ఏమవుతుంది? ప్రమాణపూర్వకంగా అబద్ధం చెప్పారని కోర్టు భావిస్తే విచారణకు ఆదేశించవచ్చు. న్యాయవిచారణలో తప్పుడు సాక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షను కింద ఏడేళ్ల వరకు శిక్ష పడే వీలుంది. నిజానికి అంతదాకా వెళ్లేవి తక్కువ. ఎక్కువగా జరిగేది ఇంకొకటి, అదే నాకు ఎక్కువ భయం కలిగించింది. ఒక్క ఆదాయం దాచినట్టు తేలితే, ఆ తర్వాత మీరు చెప్పే ఖర్చులను కూడా ఎవరూ నమ్మరు. మీ అమ్మగారి మందుల ఖర్చు నిజమే, ఇంటి అద్దె నిజమే, కానీ జడ్జిగారు మీ ఆదాయాన్ని సొంతంగా అంచనా వేస్తారు. ఆ అంచనా సాధారణంగా మన అసలు ఆదాయం కంటే ఎక్కువే ఉంటుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. చాలామంది దాచేది మనోవర్తి భయంతో కంటే పన్ను భయంతో. నా లెక్కే చూపిస్తాను. జీతం చేతికి 38,000, సాయంత్రం పని మీద 14,000. ఏడాదికి రెండూ కలిపి సుమారు ఆరు లక్షల పాతికవేలు. 2023-24 నుంచి కొత్త పన్ను విధానంలో ఏడు లక్షల దాకా, 2025-26 నుంచి పన్నెండు లక్షల దాకా మామూలు ఆదాయం మీద రిబేటు పోగా పన్ను పడదు. రిటర్ను మాత్రం దాఖలు చేయాలి. పైసా పన్ను లేని డబ్బును నెలల తరబడి దొంగసొమ్ములా దాచాను.

అడిగేదాకా ఊరుకోవడం

తుది ఉత్తర్వు ఉండి, అందులో తెలియజేయాలన్న షరతు లేకపోతే ఇది చట్టవిరుద్ధం కాదు. పాత మొత్తాన్ని నెలనెలా బకాయి లేకుండా కట్టుకుంటూ, వాళ్లు పెంపు పిటిషన్ వేసిన రోజున నిజం చెబుతాను అనుకోవచ్చు. పాత మిత్రుడొకరు ఇలాగే చేశారు. ఆయన తప్పు చేశారని నేను అనను.

కానీ ఇందులో ఒక లోపం ఉంది. పెంపు పిటిషన్ వచ్చిందంటే అప్పటికే అవతలివారి మనసులో అనుమానం, కోపం పేరుకుని ఉంటాయి. మీరు చెప్పే మొదటి నిజం కూడా దొరికిపోయాక చెప్పిన నిజంలా వినిపిస్తుంది. పైగా రెండో పని ఎప్పుడు మొదలైంది అన్న ప్రశ్న వస్తుంది. రెండేళ్ల కిందట అని చెప్పాలి. ఆ రెండేళ్లలో పాప ఏ బడిలో చదివింది, ట్యూషన్ ఎందుకు మానింది, ఇవన్నీ ఆ గదిలో బయటికి వస్తాయి.

ఎవరికి ఇది సరిపోతుందంటే, రెండో పని ఇంకా కుదురుకోనివారికి. పండగ సీజన్‌లో రెండు నెలలు డెలివరీ చేసి మానేసేవారు, ఎన్నికల విధులకో, పరీక్షల మూల్యాంకనానికో ఒకసారి డబ్బు అందుకున్నవారు పరుగెత్తి వెళ్లి అఫిడవిట్ వేయాల్సిన పని లేదు. మూడు నాలుగు నెలలు వరుసగా వస్తే అది ఆదాయం. నేను గీసుకున్న గీత అది.

మాటమీద పెంచి ఇవ్వడం, ఫీజు నేరుగా కట్టడం

మంచి మనసున్నవారు ఎక్కువగా ఎంచుకునే దారి ఇది. "ఈ నెల నుంచి ఇంకో రెండు వేలు పంపుతాను" అని ఫోనులో చెప్పేస్తారు. పాపకు వెంటనే అందుతుంది, ప్లీడరు ఫీజు లేదు, వాయిదా లేదు. ఇద్దరి మధ్య మాటలు బాగుంటే మొదటి అడుగు ఇదే అయితే మంచిది.

ఇక్కడ జాగ్రత్త పడవలసింది కాగితం విషయంలో. ఉత్తర్వులో ఉన్నదానికంటే ఎక్కువగా ఇచ్చినదాన్ని ఇష్టపూర్వకంగా ఇచ్చిన డబ్బుగానే చూసే ప్రమాదం ఉంది. రేపు ఆ రెండో పని పోయి మూడు నెలలు ఉత్తర్వు మొత్తం కూడా కట్టలేకపోతే, "పోయిన ఏడాది 24,000 ఎక్కువ ఇచ్చాను, అందులో సర్దుకోండి" అంటే కుదరకపోవచ్చు. బడి ఫీజు నేరుగా కట్టడం కూడా అంతే. ఫీజు రసీదు మీ పేరున ఉంటుంది, పాపకు మేలు జరుగుతుంది, కానీ ఉత్తర్వులో "నెలకు 8,000 తల్లి ఖాతాకు" అని ఉంటే ఆ 8,000కు అది ప్రత్యామ్నాయం కాదు. నాకు తెలిసిన ఒకరు ఏడాది ఫీజు 36,000 కట్టి, మనోవర్తి నాలుగు నెలలు ఆపేశారు. బకాయి వసూలు కోసం పిటిషన్ పడింది. బకాయి చెల్లించకపోతే వారెంటు, ఆ పైన ఒక్కో నెల బకాయికి నెల దాకా జైలు కూడా చట్టంలో ఉన్నాయి. ఫీజు రసీదు చూపించి బయటపడటానికి ఆయనకు ఐదు వాయిదాలు పట్టింది.

మాటమీద ఇచ్చేవారు కనీసం ఇంత చేయండి: బ్యాంకు బదిలీలో ఉత్తర్వు మొత్తాన్ని ఒకటిగా, అదనాన్ని వేరుగా పంపండి. రిమార్కులో "పాప మనోవర్తి, జూన్", "అదనం, రెండో పని" అని తెలుగులోనో, ఇంగ్లీషు అక్షరాల్లోనో రాయండి. నగదు చేతికి ఇవ్వవద్దు. ఎంత నమ్మకం ఉన్నా ఇవ్వవద్దు.

రాతలో రాజీ, కోర్టు ముద్రతో

నేను చివరికి ఎంచుకున్నది ఇది. ఎలా జరిగిందో కొంచెం వివరంగా చెబుతాను.

2024 వేసవిలో పాప వాళ్ల అమ్మకు ఫోను చేసి, కలిసి మాట్లాడాలన్నాను. పాప బడి దగ్గరి బేకరీలో కూర్చున్నాం. నా పని మొదలైన నెల నుంచి వచ్చిన ప్రతి చెల్లింపు, పెట్టిన ప్రతి ఖర్చు రాసిన నోటుపుస్తకం ఆమె ముందు పెట్టాను. ఆమె పేజీలు తిప్పుతూ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సంచుల సంగతి పాప అప్పుడే చెప్పింది. మీరు చెబుతారేమోనని చూశాను" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆమె కూడా ఒక ప్రైవేటు బడిలో పనిచేస్తూ ఇంటి దగ్గర కుట్టుపని చేస్తోందని, నెలకు నాలుగైదు వేలు వస్తాయని ఆ రోజే నాకు తెలిసింది. అఫిడవిట్ నియమం ఇద్దరికీ ఉన్నది అందుకే. పిల్లల చదువు ఖర్చు మామూలుగా తండ్రి భరించాలి. తల్లి తగినంత సంపాదిస్తుంటే దామాషా ప్రకారం పంచుకోవచ్చని రజనేశ్ తీర్పే చెబుతోంది.

మేము చేసింది ఇది. ఆమె తరఫున 146వ సెక్షను కింద పెంపు పిటిషన్ వేశారు. నేను ఎదుర్కోకుండా ఒప్పుకున్నాను. ఇద్దరం కలిసి రాసుకున్న షరతులతో రాజీ మెమో పెట్టాం. దాన్ని లోక్ అదాలత్‌కు పంపారు, అక్కడ అవార్డు అయింది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. జాతీయ లోక్ అదాలత్‌లు ఏడాదికి నాలుగు విడతలుగా జరుగుతాయి కాబట్టి దగ్గరలో ఉన్న తేదీ చూసుకుని పిటిషన్ వేస్తే పని త్వరగా అవుతుంది. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ప్లీడరును ఇస్తుంది. 15100 నంబరుకు ఫోను చేసినా వివరాలు చెబుతారు. ఆమెకు ప్లీడరు ఖర్చు పడకపోవడం వల్ల కూడా మా మధ్య పట్టుదలలు పెరగలేదు.

ఎంతకు ఒప్పుకున్నామో చెబుతాను, కానీ ఇది సూత్రం కాదు. మన చట్టంలో బిడ్డ మనోవర్తికి ఇంత శాతం అన్న పట్టిక లేదు. 2017లో ఒక కేసులో భర్త నికర జీతంలో 25 శాతం భార్యకు న్యాయంగా ఉంటుందని సుప్రీంకోర్టు అన్నది. దాన్నే అందరూ అన్నిటికీ వాడుతుంటారు. అది ఆ కేసుకు చెప్పిన మాట. మేము ఇచ్చేదాన్ని మూడు భాగాలుగా విడగొట్టుకున్నాం. నెలనెలా ఇచ్చేది 8,000 నుంచి 10,000కు పెంచి, ఏటా ఏప్రిల్ నుంచి 5 శాతం పెరిగేలా రాసుకున్నాం. 2025లో సుప్రీంకోర్టు ఒక శాశ్వత భరణం కేసులో రెండేళ్లకోసారి 5 శాతం పెంపు పెట్టింది. ముందే పెంపు రాసుకుంటే ప్రతిసారీ కోర్టుకు ఎక్కనక్కరలేదు. రెండోది, బడి ఫీజులో సగం నేను నేరుగా కట్టడం. మూడోది, రెండో పని నికర ఆదాయంలో నాలుగో వంతు ఏడాదికి రెండుసార్లు పాప పేరున సుకన్య సమృద్ధి ఖాతాలో వేయడం.

ఈ మూడోదాని గురించి ఆగి చెప్పాలి. రెండో పని ఆదాయం ఒక నెల 17,000, ఇంకో నెల 9,000. దాన్ని నెలవారీ మనోవర్తిలో కలిపేస్తే పని తగ్గిన నెలలో నేను బకాయిదారుణ్ణి అవుతాను; కలపకపోతే పాపకు అందదు. ఆరు నెలల సగటు తీసి, విడిగా వేయడం రెండు వైపులా న్యాయంగా తోచింది. సుకన్య ఖాతా ఆడపిల్లకు పదేళ్లు నిండకముందే తెరవాలి, ఏడాదికి కనీసం 250 నుంచి లక్షన్నర దాకా వేయవచ్చు, పద్దెనిమిదేళ్లు నిండాక చదువుకు సగం వరకు తీసుకోవచ్చు. ఖాతా వాళ్ల అమ్మ సంరక్షకురాలిగా తెరిచింది, డబ్బు వేసేది నేను. మా పాపకు అప్పటికి పదో పుట్టినరోజు ఇంకా నాలుగు నెలలు ఉంది. కొడుకు అయితే వాడి పేరున వేరే పొదుపు ఖాతా చూసుకోవాలి.

మెమోలో మా ప్లీడరుగారు రాసిన వాక్యం దాదాపు ఇలా ఉంది, కావాలంటే మీకు తగ్గట్టు మార్చుకోండి: "ప్రతివాదికి ప్రధాన ఉద్యోగం కాక ఇతర పని ద్వారా వచ్చే ఆదాయంలో, ఆ పనికి నేరుగా అయిన ఖర్చులు, పన్ను పోగా మిగిలిన మొత్తంలో నాలుగో వంతును ప్రతి జూన్, డిసెంబరు నెలల్లో మైనరు పేరున జమచేయాలి, ఆ ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు నకలు పదిహేను రోజుల్లోగా వాదికి ఇవ్వాలి, ఇతర పని ఆగిపోతే నెలలోగా రాతపూర్వకంగా తెలియజేయాలి."

నికరం అంటే ఎంత?

దారి ఏదైనా, చెప్పే అంకె సరిగా ఉండాలి. వచ్చినదంతా ఆదాయం కాదు. నా 14,000లో పెట్రోలు, ఇంటర్నెట్, లెక్కల సాఫ్ట్‌వేరు చందా, బిల్లులు ఎక్కించే కుర్రాడికి ఇచ్చేది కలిపి 2,500 పోతుంది. మిగిలేది 11,500. డెలివరీ చేసేవారికి పెట్రోలు, బండి మరమ్మతు ఇంకా ఎక్కువ తింటాయి. ఆ రసీదులు దాచండి. దాచనివాడికి 14,000 మొత్తం ఆదాయమే.

ఇంటి రుణం, కారు వాయిదా, ఇష్టపూర్వకంగా కట్టే పీఎఫ్, చిట్టీ ఇవి మాత్రం ఖర్చు కింద కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. అవి మీరు కూడబెట్టుకునే సొమ్ము అంటారు. రెండు చోట్లా జీతం తీసుకునేవారు ఇంకో గుంటలో పడతారు: ఇద్దరు యజమానులూ పన్ను మినహాయింపులు విడివిడిగా ఇచ్చేసి తక్కువ టీడీఎస్ కోస్తారు, జులైలో రిటర్ను వేసేటప్పుడు పెద్ద మొత్తం కట్టాల్సి వస్తుంది. ఆ పన్నును ముందే లెక్కలో పెట్టకుండా వాటా ఒప్పుకుంటే జులైలో చేతిలో ఏమీ మిగలదు. నాలాంటి వృత్తుల్లో అంచనా ఆదాయ పద్ధతిలో రిటర్ను వేస్తే వచ్చినదానిలో సగమే ఆదాయంగా చూపించవచ్చు. కోర్టు అఫిడవిట్‌లో మాత్రం అసలు అంకె రాసి, రెండింటికీ తేడా ఎందుకో ఒక వాక్యంలో వివరించండి. లేకపోతే ఆ తేడానే అవతలి ప్లీడరుకు మొదటి ప్రశ్న అవుతుంది.

ఉద్యోగం ఒప్పుకోకపోతే

ప్రైవేటు ఉద్యోగులు ముందు నియామక పత్రం చదవాలి. "ఇతర పని చేయరాదు" అని ఉంటే, అఫిడవిట్ వేయడం కంటే ముందు యజమాని అనుమతి గురించి ఆలోచించండి. అఫిడవిట్‌ను కోర్టు మీ ఆఫీసుకు పంపదు, కానీ జీతం ధ్రువపత్రం కోసం ఆఫీసుకు సమన్లు వెళ్లడం మామూలే. ప్రభుత్వ ఉద్యోగులకు ప్రవర్తనా నియమావళి అనుమతి లేకుండా ఇతర ఉద్యోగం, వ్యాపారం చేయనివ్వదు. ఉపాధ్యాయులకైతే విద్యాహక్కు చట్టం 28వ సెక్షను ప్రైవేటు ట్యూషన్లనే నిషేధించింది. ఇలాంటి చోట దాచడం వల్ల రెండు ప్రమాదాలు కలుస్తాయి, చెప్పడం వల్ల ఒకటే ఉంటుంది. అయినా ముందు ప్లీడరుతో ఒంటరిగా మాట్లాడండి, తర్వాతే ఏదైనా రాయండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఒక్క మాట. టెక్సాస్‌లో ఒక బిడ్డకు నికర వనరుల్లో 20 శాతం, ఇద్దరికి 25 శాతం అన్న మార్గదర్శకం ఉంది; ఓవర్‌టైమ్, బోనస్, రెండో పని జీతం అన్నీ ఆ వనరుల్లోకే వస్తాయి. హెచ్-1బీ మీద ఉన్నవారు రెండో యజమాని కూడా విడిగా పిటిషన్ వేయకుండా రెండో పని చేయకూడదు. అలా చేసిన పనిని చైల్డ్ సపోర్టు కోర్టులో చెప్పాల్సి వస్తే వీసాకే ముప్పు. కాబట్టి అక్కడ మొదటి సలహా ఇమ్మిగ్రేషన్ లాయరుది.

ఎవరికి ఏది

కేసు నడుస్తున్నవారు వచ్చే వాయిదాకు ముందే అదనపు అఫిడవిట్ వేయండి, ఇందులో ఆలోచించేది లేదు. తుది ఉత్తర్వు ఉండి, ఇద్దరి మధ్య మాటలున్నవారు మాలాగే రాజీ మెమో దారి పట్టండి. మాటలు లేనివారు, గొడవలు, కేసులు మీద కేసులు ఉన్నవారు ఒంటరిగా వెళ్లి కలవకండి. ప్లీడరు ద్వారా నోటీసు పంపి, కుటుంబ న్యాయస్థానంలోని కౌన్సెలర్ల ముందో, మధ్యవర్తిత్వ కేంద్రంలోనో కూర్చోండి. ఆదాయం ఇంకా కుదురుకోనివారు మూడు నెలలు ఆగండి, కానీ లెక్క మాత్రం మొదటి రోజు నుంచే రాయండి. పని పోయినవారు సొంతంగా మనోవర్తి కోసేయకుండా, పరిస్థితి మారిందని అదే 146వ సెక్షను కింద తగ్గింపు అడగండి. పెంచడానికి ఉన్న తలుపు తగ్గించడానికి కూడా తెరుచుకుంటుంది.

మొన్న డిసెంబరు జమకు ఆరు నెలల నికరం 69,000 తేలింది, నాలుగో వంతు 17,250. పోస్టాఫీసులో కట్టి, పాస్‌బుక్ పేజీ ఫొటో, స్టేట్‌మెంటు నకలు కలిపి పాప వాళ్ల అమ్మకు పంపాను. ఆ ఆదివారం పాప వచ్చినప్పుడు సంచులు మంచం కింద లేవు, బల్ల మీదే ఉన్నాయి. హార్డ్‌వేర్ దుకాణం సంచి మీద స్కెచ్ పెన్ను రాత చెదిరిపోయిందని తనే కొత్తగా రాసింది.